శోధన గడియకు ముందే

తెలుగు బైబిలు చదువువారికి శోధన అను మాట చిరపరిచితము. ఈ మాటకు తెలుగులో రెండు ముఖములు కలవు. పాపములోనికి లాగు ఆకర్షణ యొకటి. లోపల ఏమున్నదో వెదకి చూచుట మరియొకటి. రక్షకభటులు ఇంటిని శోధించిరని చెప్పునప్పుడు ఈ రెండవ అర్థమే స్ఫురించును. నూతన నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషలోను ఇట్లే ఒక్క మాటయే ఈ రెండు భావములను మోయుచున్నది. అందుచేతనే యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయములో, శోధనలు చుట్టుముట్టినప్పుడు సంతోషింపుడని మొదట చెప్పి, కొన్ని వచనములు గడచిన తరువాత, శోధన దేవునివలన కలిగినదని ఎవడును పలుకరాదని హెచ్చరించుచున్నాడు. చదువరికి ఇది పరస్పర విరుద్ధముగా తోచవచ్చును. కీడైనదానియందు సంతోషమెట్లు? సంతోషింపదగినది కీడు ఎట్లగును?

భిలాయి ఉక్కు కర్మాగారములో జరుగు ఒక పని ఈ చిక్కును విప్పుటకు కొంత తోడ్పడును. అచ్చట తయారగు రైలు పట్టాను ప్రయాణికుల బండ్ల క్రిందికి పంపుటకు ముందు, మానవుని చెవికి వినబడని ధ్వని తరంగములను దానిలోనికి పంపి చూచెదరు. పైకి నున్నగా నిగనిగలాడు పట్టాలో ఎచ్చటనైనను బీట దాగియున్నయెడల, ఆ తరంగము దానిని తాకి వెనుకకు తిరిగి వచ్చును. పరీక్ష ఆ బీటను పుట్టింపలేదు, ఉన్నదానిని బయలుపరచినది. బీట కలిగినది అంతకు ముందు, ఉక్కు కరగి గట్టిపడిన వేళనో, సాగదీయబడిన వేళనో. పరీక్షించువాడు కోరునది పట్టా నాశనము కాదు, దానిమీద ప్రయాణము చేయబోవు వేలమంది క్షేమము.

మానవ హృదయము విషయములోను ఇంతే. ఒకే సంఘటనలో అపవాది ఒకటి కోరును, దేవుడు మరియొకటి కోరును. అపవాది బీట వెంబడి విరుగగొట్టవలెనని చూచును. దేవుడు బీటను చూపి బాగుచేయవలెనని చూచును. అయితే ఇద్దరి యెదుటను బయలుపడునది ఒక్కటే: ఆ గడియకు ముందే హృదయములో చేరియున్నది. ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయములో మోషే ఇశ్రాయేలీయులకు నలువది సంవత్సరముల అరణ్య ప్రయాణమును జ్ఞాపకము చేయుచు, వారి హృదయములో ఏమున్నదో తేటపడుటకే ఆ మార్గము ఏర్పడెనని తెలుపుచున్నాడు. కాబట్టి శోధనను జయించుట ఎట్లు అను ప్రశ్నకు, శోధన వచ్చిన గడియలో ఏమి చేయవలెను అని మాత్రమే వెదకువాడు సగము ప్రశ్ననే అడుగుచున్నాడు. అంతకు ముందు గడచిన నిశ్శబ్ద దినములలో హృదయము దేనితో నిండెను? ఇది మిగిలిన సగము. బహుశః పెద్ద సగము.

కండ్లు లేని ఊరు

భారతదేశమునకు సోవియట్ యూనియనునకు 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందము ననుసరించి భిలాయి కర్మాగారము నిర్మింపబడెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టరు రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించెను. నాడు మధ్యప్రదేశ్‌లో ఉండిన ఆ ప్రాంతము 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోనిది. పనిని వెదకుచు దేశము నలుమూలలనుండి జనులు అచ్చటికి చేరిరి. విజయనగరము, పార్వతీపురము, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయపూరు చేరు రైలు మార్గము ఉత్తర కోస్తా జిల్లాల తెలుగువారికి ఆ ఉక్కు నగరపు ద్వారమును తెరచెను. అట్లు వెళ్లి స్థిరపడినవారిలో క్రైస్తవ కుటుంబములును కలవు.

పల్లె విడిచి కర్మాగారపు ఊరికి వెళ్లువానికి కలుగు లాభములు స్పష్టము: నెల తప్పని జీతము, నివసించుటకు క్వార్టరు, పిల్లలకు బడి, జబ్బుచేసిన వైద్యము. అయితే ఆ ప్రయాణములో ఒకటి వెనుక విడువబడును; దానిని పెట్టెలో పెట్టి తీసికొని పోవుటకు వీలులేదు. అది పల్లెలోని కండ్లు. నాయనమ్మ చూచుచున్నది, పినతండ్రి చూచుచున్నాడు, సంఘపెద్ద చూచుచున్నాడు, రచ్చబండ మీది ముసలివారు చూచుచున్నారు. సారా దుకాణము వైపు అడుగు వేయుటకు ముందే కబురు ఇంటికి చేరును. ఆ కాపుదలలో పెరిగిన యువకుడు తన నడవడి మంచిదని తానును నమ్మును, ఊరును నమ్మును. రాత్రి షిఫ్టు దిగి, తన పేరైనను ఎరుగని వీధిలో, జేబులో మొదటి జీతముతో నిలిచినప్పుడు గదా తెలియును, ఇన్నాళ్లు తాను భయపడినది దేవునికా, పినతండ్రి కండ్లకా అని.

ఇది కొత్త సమస్య కాదు. పరిశుద్ధ గ్రంథములో శోధనను ఎదిరించినవారిలో ముఖ్యులైన ఇద్దరు యువకులును పరదేశములో ఉన్నవారే. యోసేపు ఐగుప్తులో పోతీఫరు ఇంట ఉన్నప్పుడు తండ్రి యాకోబు కనాను దేశములో ఉన్నాడు. కుమారుడు బ్రదికియున్నాడని కూడ ఆయనకు తెలియదు. ఇంటిలో పనివారెవరును లేని దినమున యజమానుని భార్య యోసేపును పట్టుకొనెను. చూచువారు లేరు. అయినను ఆ పాపమును యోసేపు దేవునికి విరోధమైనదిగా ఎంచెను (ఆదికాండము 39). దానియేలు బబులోనులో రాజుగారి భోజనపు బల్లయెదుట కూర్చుండవలసి వచ్చెను. యెరూషలేము దేవాలయము దూరమున ఉన్నది, యాజకుడెవడును ఆయన పళ్లెములోనికి తొంగిచూడడు. అయితే బల్లయొద్దకు వెళ్లిన తరువాత దానియేలు ఆలోచింపలేదు. తన్నుతాను అపవిత్రపరచుకొనకూడదని ముందుగానే మనస్సులో నిశ్చయించుకొనెనని ఆ గ్రంథము మొదటి అధ్యాయము చెప్పుచున్నది. ఊరి కండ్లు చేరలేని చోటికి ఈ ఇద్దరును తీసికొని వెళ్లినది దేవుని కన్నును. అది బబులోనులో కొనుగోలు చేసినది కాదు. ఇంటినుండి హృదయములో మోసికొని పోయినది.

అరచేతిలోని దుకాణము

ఒకప్పుడు శోధనకు ఒక చిరునామా ఉండెను. ఫలాని సందు, ఫలాని దుకాణము, ఫలాని జూదపు పాక. దూరముగా నడచినవాడు కొంత తప్పించుకొనెడివాడు. నేడు ఆ దుకాణము అరచేతిలోని ఫోనులో ఉన్నది; రాత్రి రెండు గంటలకైనను మూయబడదు. మహాదేవ్ అను పేరుగల ఆన్‌లైన్ పందెముల వ్యవహారము 2023వ సంవత్సరములో దేశమంతట వార్తలకెక్కినప్పుడు, దానికి మూలపురుషులని దర్యాప్తు సంస్థలు ఆరోపించినవారు భిలాయి వారేయని తెలిసి ఆ ఊరివారు తెల్లబోయిరి. ఆ నేరారోపణల నిజానిజములు న్యాయస్థానములు తేల్చవలసినవి. ఇచ్చట గమనింపవలసినది వేరు. ఇట్టి వ్యాపారములు ఎవరి పేరుననో ఉన్న బ్యాంకు ఖాతాలమీద నడచును. పందెమాడుట ఎరుగని యువకునియొద్దకు ఒక స్నేహితుడు వచ్చి, నీవేమియు చేయనక్కరలేదు, నీ పేరున ఖాతా తెరచి పాసు పుస్తకము, కార్డు ఇచ్చిన చాలును, నెల నెల ఇంత ముట్టును అని చెప్పును. త్రాగుమనలేదు. దొంగిలింపుమనలేదు. అబద్ధమాడుమని కూడ అనలేదు. సంతకము పెట్టుమనుచున్నాడు, అంతే.

అపవాది పనితనము ఇందులోనే ఉన్నది. పెద్ద పాపము పెద్ద పాపముగా ఎదుటికి వచ్చిన, సామాన్య విశ్వాసి భయపడి వెనుదీయును. అది చిన్న ఉపకారముగా, స్నేహధర్మముగా, చెల్లెలి పెండ్లికి దొరకిన సహాయముగా వచ్చును. పాపము ఎట్లు పుట్టునో యాకోబు కుటుంబ జీవితమునుండి ఒక పోలికతో వివరించుచున్నాడు: దురాశ గర్భము ధరించును, పాపమును కనును, ఆ పాపము పెరిగి మరణమును కనును (1:14-15). గర్భములోని శిశువు తొలి దినములలో ఎవరి కంటికిని కనబడదు. అద్దెకిచ్చిన ఖాతాలోనుండి ఎవరి కూలి డబ్బు, ఎవరి భార్య మెడలోని పుస్తెలు ప్రవాహముగా పోవుచున్నవో ఖాతాదారునికి కనబడదు. కనబడకపోవుట నిర్దోషత్వము కాదు.

2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెములతో కూడిన ఆన్‌లైన్ ఆటలను నిషేధించు చట్టమును ఆమోదించెను. మంచిదే. రాజ్యాధికారము కీడును అదుపుచేయుటకు ఏర్పడినదని పౌలు రోమీయులకు వ్రాసియున్నాడు. అయితే చట్టము దుకాణమును మూయగలదు గాని ఆకలిని మూయలేదు. ఆకలి ఉన్నచోట మరియొక తలుపు తెరవబడును.

తన బలము చాలునని నమ్మినవాడు

తన మనోబలముతోనే ఆ గడియను దాటగలనని అనుకొనువానికి క్రైస్తవ సంఘ చరిత్రలో ఒక హెచ్చరిక కలదు. నాల్గవ శతాబ్దపు భక్తుడు అగస్టీను తన ఒప్పుకోలుల గ్రంథములో అలిపియస్ అను స్నేహితుని సంగతి వ్రాసెను. రోములో మనుష్యులు ఒకరినొకరు నరుకుకొను క్రూరమైన క్రీడాప్రదర్శనలు జరుగుచుండెను. అలిపియస్ వాటిని అసహ్యించుకొనెడివాడు. ఒకనాడు స్నేహితులు ఆయనను బలవంతముగా అచ్చటికి లాగికొనిపోయిరి. శరీరమును లాగుకొనిపోవచ్చును గాని తన కండ్లను తెరపింపలేరని ఆయన ధైర్యముగా కూర్చుండి కండ్లు మూసికొనెను. చెవులు మాత్రము మూసికొనలేదు. జనసమూహము ఒక్కసారిగా పెట్టిన కేక విని, ఏమి జరిగినను తాను తట్టుకొనగలనను నమ్మకముతో కండ్లు తెరచెను. అంతటితో ఆయన తనతో వచ్చినవారిలో ఒకడాయెను. మరియొకసారి తానే ఇతరులను వెంటబెట్టుకొని పోవువాడాయెను.

అలిపియస్ తప్పు దురుద్దేశము కాదు. తనమీద తాను పెట్టుకొనిన నమ్మకము. అగస్టీను కూడ అట్లే చెప్పుచున్నాడు. నిలిచియున్నానని అనుకొనువాడు పడకుండ చూచుకొనవలెనని పౌలు కొరింథీయులకు వ్రాసి (మొదటి పత్రిక 10:12), ఆ వెంటనే దేవుడు శోధనతోకూడ తప్పించుకొను దారిని ఏర్పరచునని ఆదరించుచున్నాడు. హెచ్చరిక ముందు, ఆదరణ వెనుక. హెచ్చరికను విననివాడు ఆదరణను తన ధైర్యమునకు పెట్టుబడిగా వాడుకొనును.

అరణ్యములో ప్రభువు

ఇప్పుడు మత్తయి సువార్త 4వ అధ్యాయము చదువవలెను. ప్రభువైన యేసు నలువది దినములు ఉపవాసముండి ఆకలిగొనియున్నాడు. శోధకుడు మూడుసార్లు వచ్చెను. ప్రభువు మూడుసార్లు ప్రత్యుత్తరమిచ్చెను. మూడు ప్రత్యుత్తరములును ద్వితీయోపదేశకాండములోనివే: 8:3, 6:16, 6:13. ఆ మూడును ఇశ్రాయేలు అరణ్యప్రయాణమునకు సంబంధించిన మాటలు. మన్నా కొరకు సణిగిన జనము, మస్సాలో దేవుని పరీక్షించిన జనము, అన్యదేవతల వైపు తిరుగగల జనము నేర్చుకొనవలసిన పాఠములు అవి. ఆ జనము ఓడిపోయిన మూడు స్థలములలో ప్రభువు నిలిచెను.

ఇచ్చట మూడు సంగతులు గమనింపదగినవి.

మొదటిది: ప్రభువు ఆ గడియలో కొత్త జవాబును కల్పించుకొనలేదు. దేవుని కుమారుడు గనుక ఆయన అట్లు చేయగలిగియుండెను. అయినను, నజరేతులో వడ్రంగి ఇంట పెరిగి, సమాజమందిరములో గ్రంథపు చుట్టలు చదువగా విన్న బాలుడు ఎరిగిన మాటలనే వాడెను. అరణ్యములో ఆయనయొద్ద గ్రంథపు చుట్ట లేదు. ఉన్నది హృదయములోనిది మాత్రమే. నజరేతులోని నిశ్శబ్ద సంవత్సరములు వ్యర్థముగా పోయిన కాలము కాదు. అరణ్యమునకు నింపుకొనిన కాలము.

రెండవది: శోధకుడును వాక్యము నెత్తి చెప్పెను. రెండవ శోధనలో అతడు వాడినది 91వ కీర్తనలోని మాట. కాబట్టి వచనములు కంఠస్థముగా వచ్చుటయే రక్షణ అయినయెడల అపవాదియు సురక్షితుడే. వాక్యమును తాయెత్తువలె మెడకు కట్టుకొనుటయు, మంత్రమువలె ఆపదలో ఉచ్చరించుటయు విశ్వాసము కాదు. అపవాది ఆ కీర్తనను దేవుని చేతిని బలవంతపెట్టుటకు వాడెను. ప్రభువు వాక్యమును దేవుని చేతి క్రింద తానుండుటకు వాడెను. ఒకే గ్రంథము, రెండు హృదయములు. దేవుని మాటను హృదయములో దాచుకొనుట పాపము చేయకుండుటకేయని 119వ కీర్తన 11వ వచనము బోధించుచున్నది. అందలి ఉద్దేశము విధేయత, ప్రదర్శన కాదు.

మూడవది: ప్రభువు శోధింపబడెను గాని పాపము చేయలేదు (హెబ్రీ 4:15). దీనివలన ఒక గొప్ప ఆదరణ కలుగును. శోధింపబడుటయే పాపమని కృంగిపోవు సున్నిత మనస్కులు అనేకులు కలరు. దుష్ట తలంపు తలుపు తట్టినంతమాత్రమున ఇంటివాడు దోషి కాడు. దానిని లోపలికి పిలిచి, పీట వేసి, కూర్చుండబెట్టి, మరల రమ్మని చెప్పినప్పుడు దోషియగును.

ఖాళీ ఇల్లు

శోధనను ఎదిరించుట అనగా చెడ్డదానిని వెడలగొట్టుట అని చాలమంది తలంతురు. ప్రభువు చెప్పిన ఒక చిన్న ఉపమానము దీనిని సరిదిద్దును (మత్తయి 12:43-45). అపవిత్రాత్మ ఒకని విడిచిపోయెను. ఇల్లు ఊడ్వబడినది, అలంకరింపబడినది, అయితే ఖాళీగా ఉన్నది. పోయిన ఆత్మ తనకంటె చెడ్డవైన మరి ఏడు ఆత్మలను వెంటబెట్టుకొని వచ్చి అందులో కాపురము పెట్టెను. ఆ ఇంటి లోపము మురికి కాదు, ఖాళీతనము. మానివేయుటకు నిర్ణయించుకొనిన ప్రతివాడును ఈ ఉపమానమును మరల మరల చదువవలెను.

ఖాళీ అయిన చోటికి కీడు ఎట్లు ప్రవేశించునో చూపు ఒక విషాద సంఘటన భిలాయి చరిత్రలో ఉన్నది. బ్లాస్ట్ ఫర్నేసునుండి వెడలు వాయువులో కార్బన్ మోనాక్సైడు అను విషము అధికముగా నుండును. దానికి రంగు లేదు, వాసన లేదు. పీల్చువానికి తెలియకుండగనే ప్రాణము తీయును. ఆ వాయువును నీటితో శుభ్రపరచు ఏర్పాటు కర్మాగారములో ఉన్నది. 2014 జూన్ 12న నీటి పీడనము పడిపోగా వాయువు వెనుకకు మరలి పంపుహౌసులోనికి ప్రవేశించెను. ఆరుగురు ప్రాణములు కోల్పోయిరి. విధినిర్వహణలో మరణించిన ఆ ఆరుగురి మరణము ఎవరి పాపమునకును గుర్తు కాదు. అట్లు ఎంచుట వారికిని వారి కుటుంబములకును అన్యాయము. సిలోయము గోపురము పడి చనిపోయినవారి విషయములో ప్రభువు అట్టి లెక్కను ఖండించెను (లూకా 13:4). అయితే ఆ నీటి సంగతి ఆలోచింపదగినది. నీరు నిండుగా, బలముగా నిలిచినంతకాలము విషము తన హద్దులో నుండెను. నీటి బలము తగ్గెను; విషము ఎవరి అనుమతియు కోరకయే లోపలికి వచ్చెను. విశ్వాసి జీవితములో ప్రార్థనయు వాక్యధ్యానమును ఇట్టి నీటి బలము. అది ఒక్కదినములో తగ్గదు, తగ్గినప్పుడు చప్పుడు కాదు. ఆదివారపు పాటలు మునుపటివలెనే పాడబడుచునే యుండును.

నింపుటయొక్క శక్తిని చూపు మరియొక నిదర్శనము భిలాయికి ఇనుప రాయిని అందించిన దల్లీ రాజహరా గనులలో దొరకును. 1977వ సంవత్సరములో అచ్చటి గని కార్మికులు శంకర్ గుహా నియోగి నాయకత్వమున సంఘము కట్టిరి. పోరాటమువలన కూలి పెరిగెను. పెరిగిన కూలి ఇల్లు చేరుటకు ముందు సారా దుకాణము చేరుచుండుట వారు కనుగొనిరి. ఆకలిని జయించినవారు అధిక ధనముచేత ఓడింపబడుచుండిరి. అప్పుడు సంఘము మద్యమునకు వ్యతిరేకముగా ఉద్యమము నడిపెను. గని స్త్రీలు దానిలో ముందు నిలిచిరి. త్రాగి వచ్చినవాడు తోటి కార్మికుల యెదుట జవాబు చెప్పవలసి వచ్చెను. అయితే వారు దుకాణమును నిందించి ఊరకుండలేదు. బడులు పెట్టిరి, తమ చేతులతో, తమ చందాలతో ఆసుపత్రి కట్టుకొనిరి, అది 1983లో షహీద్ ఆసుపత్రి అను పేర తెరువబడెను. సారాకు పోవు డబ్బునకు, సారాకు పోవు సాయంకాలమునకు వేరొక చోటు దొరకెను. నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్యచేయబడెను. ఆ ఉద్యమము క్రైస్తవ నామమున జరిగినది కాదు. అయినను తమ యేలుబడిలో లేనివారి నోటనుండి సంఘము నేర్చుకొనవలసిన పాఠములు కలవని ప్రభువే సూచించెను; సమరయుని ఉపమానము చెప్పినది అందుకే గదా. వ్యక్తి ఒంటరిగా మానుట కష్టము. మానినదాని స్థానములో మేలైనది ఉంచనిదే మానుట నిలువదు. క్రీస్తు సంఘమునకు ఈ రెండును ఇంకను గొప్ప కొలతతో అనుగ్రహింపబడినవి. సహవాసమున్నది; ఖాళీని నింపువాడు పరిశుద్ధాత్ముడే.

నిలువవలసిన చోటు, పారిపోవలసిన చోటు

ముందే నిండియుండవలెనని చెప్పుట వినుటకు బాగున్నది. మరి శోధన నేటి రాత్రియే వచ్చిన, నింపుకొనుటకు వేళ లేనివాడు ఏమి చేయవలెను? లేఖనము ఇతనిని దారిలేనివానిగా విడువలేదు. అపవాదిని ఎదిరింపుమని యాకోబు (4:7), పేతురు (మొదటి పత్రిక 5:9) చెప్పుచున్నారు. జారత్వమునుండియు విగ్రహారాధననుండియు పారిపొమ్మని పౌలు కొరింథీయులకును, యౌవనేచ్ఛలనుండి పారిపొమ్మని తిమోతికిని వ్రాయుచున్నాడు. భయపెట్టి విశ్వాసమును విడిపింపజూచు శోధన యెదుట నిలువవలెను. ఇష్టము పుట్టించి శరీరమును లాగు శోధన యెదుట నిలువరాదు, దానితో వాదింపరాదు, పరుగెత్తవలెను. యోసేపు పై వస్త్రము విడిచి పరుగెత్తెను. దానివలన ఆయనకు చెరసాల లభించెను. శోధననుండి తప్పించుకొనినవానికి వెంటనే బహుమానము దొరకునని లేఖనము ఎచ్చటను వాగ్దానము చేయలేదు. కొన్నిసార్లు వస్త్రము పోవును, ఉద్యోగము పోవును, స్నేహితులు పోవుదురు; మనస్సాక్షి మిగులును.

తప్పించుకొను దారి సాధారణముగా చాల సామాన్యమైనది. ఖాతా కోరు స్నేహితునికి ఇవ్వనని అప్పుడే, కారణములు అల్లకుండ చెప్పుట. జీతపు దినమున ఒంటరిగా గాక తోటి విశ్వాసితో ఇల్లు చేరుట. రాత్రివేళ ఫోనును భార్య చేతికో తల్లి చేతికో ఇచ్చుట. ఇవి ఆత్మీయ కార్యములుగా కనబడవు. కాని దేవుడు తెరచిన దారికి బంగారు తలుపు ఉండునని ఎవరును చెప్పలేదు.

పడినవాని మాట

చివరకు, ఇది చదువువారిలో ఇదివరకే పడినవాడు ఉండవచ్చును. హృదయములో ముందున్నదే శోధనలో బయలుపడునను మాట అతనికి తీర్పువలె వినబడవచ్చును. నా హృదయము ఇంతేనా అని అతడు అడుగును. పేతురు ఆ రాత్రి బయటికి పోయి ఏడ్చినప్పుడు అతని ప్రశ్నయు ఇదే అయియుండును. అయితే పేతురు పడకముందే ప్రభువు ఒక పని చేసియుండెను. అతని విశ్వాసము తప్పిపోకుండ అతనికొరకు ప్రార్థించియుండెను. తిరిగిన తరువాత సహోదరులను స్థిరపరచు పనిని కూడ అతనికి అప్పగించియుండెను (లూకా 22:31-32). శోధన గడియకు ముందే విశ్వాసి సిద్ధపడవలెనని ఇంతవరకు చెప్పబడినది. ఆ గడియకు ముందే ప్రభువు సిద్ధపడియున్నాడనుట అంతకంటె పెద్ద సత్యము. విశ్వాసి నింపుకొనుట మరచిన దినములలోను ఆయన విజ్ఞాపన చేయుట మరువలేదు.

అట్లు తెలిసికొనినవాడు పడినచోట పండుకొనియుండడు. శోధన చూపిన బీటను దాచడు. దేవునియెదుట దానిని పేరు పెట్టి ఒప్పుకొనును. నమ్మదగిన ఒక పెద్దకో, భార్యకో, సహోదరునికో తెలిపి వారి ప్రార్థన కోరును. తరువాత చిన్న పని ఒకటి మొదలుపెట్టును. షిఫ్టునకు బయలుదేరుటకు ముందు పది నిమిషములు, ఒక అధ్యాయము, ఒక ప్రార్థన. ఆ దినమున అందువలన గొప్ప భేదమేమియు కనబడకపోవచ్చును. నెల గడచినను కనబడకపోవచ్చును. ఎన్నడో ఒక రాత్రి, ఎవరును చూడని చోట, పాత స్నేహితుడు పాత మాటతో వచ్చినప్పుడు, ఎప్పుడో చదివిన దేవుని మాట తనంతట తానే నాలుకమీదికి వచ్చును. ఆ రాత్రి జరిగిన జయము ఎవరికిని తెలియదు. ఇల్లు చేరిన జీతము మాత్రము పిల్లలకు తెలియును.